గేటక్క చెయ్యి

పడవ తెచ్చుకున్నవాడికి దాన్ని నీళ్లలో దింపేదాకా కాలు నిలవదు. అయితే ఆ రిజర్వాయరు దగ్గర ఎంత తొందరున్నా, గేటు దగ్గర పడవలు తనిఖీ చేసే గేటక్క ముందు ఆగాల్సిందే. ఆవిడ పడవబండి వెనకాల మోకాళ్ల మీద కూర్చుని, చేతికి తొడుగు లేకుండా, పడవ అడుగంతా ఈ చివర నుంచి ఆ చివరిదాకా కళ్లు మూసుకుని తడుముతుంది. కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. "నాడి చూస్తున్నావా అక్కా?" అని ఒకడు వేళాకోళమాడాడు. పడవ మళ్లీ వేడినీళ్లతో కడుక్కురమ్మని ఆవిడ వాణ్ని వెనక్కి పంపింది. ఎగతాళికి గేటక్క వేసే జరిమానా అదే.

ఇంతకీ ఆవిడ వెతికేది ఆల్చిప్పల జాతి గుల్లల్ని. పిల్లగుల్లలు ఆవగింజలో సగం కూడా ఉండవు, కంటికి ఆనవు. వేరే నీళ్లలో తిరిగిన పడవ అడుక్కి అంటుకుని వస్తాయి. ఒక్కసారి రిజర్వాయరులో పడ్డాయంటే పిల్లాపాపలతో స్థిరపడి తూము జాలీలూ, పంపులూ, పొలాలకు వెళ్లే గొట్టాలూ పూడ్చిపారేస్తాయి. కొండ అవతలి రిజర్వాయరుకు ఆ గతే పట్టింది. అక్కడి రైతులు గొట్టాలు తవ్వితీసి గుల్లలు గీక్కుంటుంటే, ఇక్కడి రైతులు వెళ్లి చూసొచ్చి కంటిమీద కునుకు లేకుండా అయిపోయారు. అయితే కంటికి ఆనని ఆ పిల్లగుల్లలు వేలికి ఆనుతాయి. నున్నటి పడవ మీద ఇసుక చల్లినట్టు గరగరమంటాయి.

కొండ అవతలి సంగతి చూసొచ్చాక రైతుల సంఘం గేటుకు తాళం వేసింది. పడవలవాళ్లు ఊరుకుంటారా? 'నీళ్లు అందరివీ' అంటూ పడవలు తెచ్చి దారికి అడ్డంగా పెట్టి కూర్చున్నారు. తనిఖీ చేసి పంపుదామంటే, రైతుల మనిషిని పడవలవాళ్లు నమ్మరు, పడవలవాళ్ల మనిషిని రైతులు నమ్మరు. నీటిపారుదల శాఖ మనిషిని ఇద్దరూ నమ్మరు. ఆ ఒక్క విషయంలో మాత్రం చక్కటి ఐకమత్యం. చివరికి ఎవరో ఈవిడ ఊసెత్తారు. పుట్టింటివాళ్ల పొలం ఈ నీళ్ల కిందే ఉంది, సొంత అన్నే రైతుల సంఘం అధ్యక్షుడు. కట్టుకున్నవాడేమో దర్జీ, పడవల మీద కప్పే పట్టాలు కుట్టి బతుకుతున్నాడు. గేటు తీస్తే పుట్టింటికి భయం, మూస్తే మెట్టినింటికి పస్తు. ఇంతకంటే న్యాయంగా తడిమే చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? "ఆవిడ వేలు సరేనంటే సరే" అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. పేచీ అంతటితో ఆగింది.

అంత నమ్మకం పెట్టుకున్న ఆ వేలు ఇప్పుడు మొద్దుబారిపోతోంది. ఏళ్ల తరబడి మరిగే నీళ్ల గొట్టం పట్టుకుని పడవలు కడిగిన చేతులవి. తొడుగు వేసుకుంటే స్పర్శ తెలియదని వేసుకోలేదు. వేసుకోకపోబట్టే ఇప్పుడు స్పర్శ పోయింది. ఈ సంగతి మొదట పసిగట్టింది దర్జీ. ఒక సాయంత్రం రెండు గుడ్డముక్కలు ఆవిడ ముందు పెట్టి, "వీటిలో ఏది నున్నగా ఉందో చెప్పు, పట్టాకి లోపలివైపు వెయ్యాలి" అన్నాడు. ఆవిడ రెండూ నలిపి చూసింది. ఏమీ తెలియక, ఆయన చూపు ఎటు వాలిందో కనిపెట్టి, "ఇదీ" అంది.

"రెండూ ఒకే తానులోవి" అన్నాడు దర్జీ. "ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం నుంచి."

"మీ అన్నయ్యకి చెప్పావా?"

"చెబితే గేటుకి తాళం పడుతుంది. మీ మిషను కూడా మూలపడుతుంది."

దర్జీ గుడ్డలు మడతపెట్టాడు. "అయితే కాస్త జాగ్రత్తగా చూడు" అన్నాడు. కళ్లతో చూసే పని కాదని ఆయనకు తెలియకపోలేదు.

పడవలవాళ్లలో గేటక్కకు బొత్తిగా గిట్టనివాడు ఒకడున్నాడు. బజారులో సెలూను నడుపుతాడు. అందరూ కత్తెర అంటారు. అది చేసే పనిని బట్టి వచ్చిన పేరనుకుంటే పొరపాటే. ఎదుటివాడి మాట పూర్తి కాకుండానే కోసేస్తాడు, అందుకని. సెలూనుకు సెలవు దొరికినప్పుడల్లా చేపలకు వస్తాడు, వచ్చినప్పుడల్లా తనిఖీ దగ్గర తగువు పెట్టుకుంటాడు. ఆమధ్య పాత పడవ అమ్మేసి, ఎవరో వాడిన పెద్ద పడవ కొని తెచ్చాడు. గేటక్క కళ్లు మూసుకుని అడుగంతా తడిమి, "వెళ్లు" అంది. ఆ రోజు తగువు లేకుండానే వెళ్లాడు.

కాసేపటికి పడవను తడి కూడా అంటనివ్వకుండా బండితో సహా వెనక్కి లాక్కొచ్చాడు. తగువు మర్చిపోయి మళ్లీ వచ్చాడు కాబోలు అనుకుని ఆవిడ నడుం బిగించింది.

"అక్కా, ఇక్కడొకసారి చూడు."

"చూశాగా. నున్నగా ఉంది."

"దింపబోతూ పట్టుకున్నాను. గీసిన మర్నాడు గడ్డం తడిమినట్టుంది."

ఆవిడ తడిమింది. ఏమీ లేదు. కత్తెర ఆవిడ మొహంలోకి చూసి, వేలు పట్టుకుని తీసుకెళ్లి సరిగ్గా ఆ చోట పెట్టాడు. "ఇక్కడక్కా." అప్పుడూ ఏమీ లేదు. ఎదుటి మనిషి మాట కోసం కత్తెర అంతసేపు ఆగడం అదే మొదటిసారి.

అతను జేబులోంచి బ్లేడు తీసి మెల్లగా గీకి, తెల్ల రుమాలు మీద దులిపాడు. దుమ్మూ ధూళీ అనుకోవడానికి లేదు, సన్నరవ్వలాంటి గుల్లలు కనిపించాయి. ఇద్దరూ కలిసి మరిగే నీళ్లతో ఆ పడవను అంగుళం వదలకుండా కడిగారు. వెళ్తూ వెళ్తూ, "నేనెవరికీ చెప్పనులే" అన్నాడు.

ఆ మాటకు ఆవిడకు ధైర్యమేమీ రాలేదు. కత్తెర పట్టుకోబట్టి సరిపోయింది. చలికాలం నుంచి తను పంపిన మిగతా పడవల మాటేమిటి? ఇప్పుడావిడకు ప్రతి పడవా నున్నగానే ఉంటుంది. అన్న పొలానికి నీళ్లు మోసే గొట్టాలు తలుచుకుంటే వెళ్లి చెప్పెయ్యాలనిపించేది. మొగుడి కుట్టుమిషను చప్పుడు వింటే ఆ మాట వెనక్కి పోయేది.

రైతుల సంఘం సమావేశం వచ్చింది. హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, గాలికంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాన్లు. పడవలవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఈ ఏడు నీళ్లు తక్కువ, పడవల్ని పూర్తిగా ఆపేద్దామని కొందరు పట్టుబట్టారు. అన్న లేచి చెయ్యెత్తాడు.

"మా చెల్లెలి వేలుండగా మనకి భయమేంటయ్యా? ఇన్నేళ్లలో ఒక్క గుల్ల రానిచ్చిందా? గేటు తెరిచే ఉంటుంది."

అందరూ సర్దుకున్నారు. ఇక ఆవిడ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే. ఒప్పుకుని తీరాలి, ఆ క్షణాన ఆవిడకు కూర్చోవాలనే అనిపించింది. కానీ లేచింది.

"అన్నయ్యా, ఆ వేలు ఇప్పుడు పనిచెయ్యట్లేదు" అంది. చలికాలం నుంచి స్పర్శ లేని సంగతీ, గుల్లలున్న పడవను తను పంపేసిన సంగతీ దాచకుండా చెప్పింది.

హాలు ఒక్కసారి భగ్గుమంది. ముందు వరసలోవాళ్లు తాళం తాళం అన్నారు. వెనకవాళ్లు, "ఎవరడిగారమ్మా నిన్ను?" అని ఆవిడ మీదికి లేచారు. అన్న మాత్రం కుర్చీలో కూలబడి చెల్లెలి వైపు చూడడం మానేశాడు. ఊరందరితో పాటు తనూ వినాల్సి వచ్చిందని ఆయన బాధ.

"ఆ పడవ నాదే" అన్నాడు కత్తెర గోడ దగ్గర నుంచి. "నేనే వెనక్కి తెచ్చాను."

"నువ్వా? నువ్వెందుకు తెచ్చావు?" అన్నారు ముందు వరసలోవాళ్లు.

"దింపేసి చేపలు పట్టుకుని ఇంటికెళ్తే, రేపు మీ గడ్డాలు గీస్తూ మీ మొహాలు ఎట్లా చూడమంటారు?"

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు సందులో గేటక్క తన మాట చెప్పింది. "అంతా ఒక్కదాని చేతిలో పెట్టడమే మన తప్పు. ఇక నుంచి ఒక రైతూ ఒక పడవాయనా కలిసి తడమండి. ఇద్దరూ సరేనంటేనే గేటు తియ్యండి. ఎట్లాగో నేను నేర్పిస్తాను."

"అందరూ నేర్చేసుకున్నాక నీకక్కడ పనేముంటుంది?" అని అడిగాడు ముందు వరసలో ఒక పెద్దాయన.

"ఉండదు" అంది.

అందరూ అరిచి అరిచి సద్దుమణిగాక, వచ్చే పంట దాకా అలా చేసి చూద్దామన్నారు. తొలి వంతు అధ్యక్షుడిదే అన్నారు. ఆయన తలూపాడు గానీ చెల్లెలితో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు గేటు దగ్గర పడవకు ఒక పక్క కత్తెర, ఇంకో పక్క అన్న. ఆయన మొహం ఇంకా ముడుచుకునే ఉంది. మట్టి తెలిసిన చెయ్యే గానీ పడవ కొత్త, అరచెయ్యంతా ఆనించి గోడకు సున్నం కొడుతున్నట్టు రుద్దేస్తున్నాడు. "అట్లా కాదన్నయ్యా" అంటూ గేటక్క పక్కన మోకరిల్లి, ఆయన వేళ్లను తన వేళ్ల సందుల్లో ఇరికించుకుని, పడవ అడుగున మెల్లగా జరిపింది.

"కళ్లు మూసుకో. ఏమైనా తగులుతోందా?"

"తగులుతోంది. గరుగ్గా… ఇసుకలాగా… ఉన్నాయే చెల్లీ, గుల్లలున్నాయి!"

కత్తెర అవతలి నుంచి చెయ్యి చాచి అక్కడే తడిమాడు. "ఏం లేదే. అద్దంలా ఉంది."

గేటక్క తన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇప్పుడు చూడు."

ఆయన మళ్లీ తడిమాడు. "ఇప్పుడు లేదు" అని, ఆగి, కళ్లు తెరిచాడు. పడవ కిందనుంచి చెయ్యి బయటికి తీసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పి చూశాడు. కాయలు కాసి, పొరలు పొరలుగా లేచి, పగుళ్లు బారిన చెయ్యి. ఆ వేలి గొప్ప ఇన్నేళ్లూ సభల్లో చెప్పుకున్నాయన దాన్ని పట్టుకుని చూడడం ఇదే మొదలు. బొటనవేలితో ఆ పగుళ్ల మీద నెమ్మదిగా నిమిరాడు.

"నొప్పి పుడుతోందా?"

"ఏమో అన్నయ్యా" అంది. "నువ్వు పట్టుకున్నావని చూస్తేనే తెలుస్తోంది."