మీడియం గడి

ఇరవై రెండేళ్లుగా ఈ బరువు నా ఒక్కదాని మీదే ఉంది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకూ చెప్పలేదు. చెప్తే ఏమంటారు? తెలియని వయసులే, వదిలెయ్ అంటారు. నాకు తెలుసు. తెలిసే చేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు రాస్తున్నాను. దయచేసి మధ్యలో ఓదార్చకండి.

నేనొక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు మొదటి సంవత్సరం గట్టెక్కడం ఎలాగో చెప్పే పని నాదే. హాజరు తగ్గనివ్వకండి, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండి, నోటీసు బోర్డు రోజూ చూడండి. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. నోటీసు బోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏటా అక్కడితో ఆపేస్తాను. మంచినీళ్లు తాగి తర్వాతి విషయానికి వెళ్లిపోతాను.

నా మొదటి సంవత్సరం నారాయణగూడలోని ఒక కాలేజీలో గడిచింది. మా ఇల్లు చిక్కడపల్లిలో. నాన్నది ఆఫీసు ఉద్యోగం, నాది చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియం, క్లాసులో మొదట ఉండడం నాకు అలవాటు. నా పక్కన మంజుల కూర్చునేది. వాళ్ల అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, అడిక్‌మెట్ దగ్గర బస్తీలో ఉంటూ, ఇళ్లు కట్టే చోట కూలీకి వెళ్లేవాళ్లు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన మంజుల, తెలుగు మీడియంలో సీటు దొరక్క మా క్లాసులో వచ్చి పడింది. పాఠం అయ్యాక నేను తెలుగులో చెబితే వినేది. ఒక్కసారి వింటే చాలు. మర్నాడు నాకే తిరిగి చెప్పేది, నాకంటే బాగా.

అది నాకు సంతోషంగానే ఉండేది. ఒక రోజు వరకు. చరిత్ర సారు పెట్టిన చిన్న పరీక్షలో మంజుల ఇంగ్లీషు తోచక తెలుగులో రాసేసింది. తిట్లు తింటుందనుకున్నాను. సారు ఆ కాగితాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, జవాబంటే ఇలా ఉండాలన్నాడు. నా కాగితం గురించి ఏమీ అనలేదు. ఇంతే. దీనికేనా అంత పని చేశాను? ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, ఇంకాస్త పెద్ద కారణం దొరికితే బాగుండునని. దొరకలేదు.

వార్షిక పరీక్షల ఫారాలు ఇచ్చిన రోజు బోర్డు మీద ఇంగ్లీషులో ఒక నోటీసు పెట్టారు. ఏ మీడియం క్లాసులో ఉన్నా పరీక్ష తెలుగులో రాసుకోవచ్చు, ఏ భాషలో రాస్తారో ఫారంలోని మీడియం గడిలో నింపాలి అని. నేను మొత్తం చదివాను. పక్కనే నిలబడి ఏముందని మంజుల అడిగితే, మనకు పనికొచ్చేది కాదన్నాను. ఆ మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఇద్దరం ఫారాలు నింపుకున్నాం. ఆ గడి దగ్గర మంజుల పెన్ను ఆగింది.

"ఇక్కడ తెలుగు అని రాస్తే నడుస్తదా?"

"నడవది. ఇంగ్లీష్ మీడియంల చేరి తెలుగుల రాస్తే పేపర్ దిద్దరు. ఇంగ్లీష్ అని రాయి."

"నువ్వున్నవ్ కాబట్టి సరిపాయె. లేకుంటే ఆగమైతుంటి."

ఆ మాట అని, గడిలో ఒక్కో అక్షరం దిద్దినట్టుగా నింపింది. స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో నన్నే చూడమంది. చూశాను. సరిగ్గానే ఉందన్నాను.

ఫారం మార్చుకోవడానికి ఇంకా వారం గడువుంది. ఆ వారంలో రోజూ ఆమె పక్కనే కూర్చున్నాను. రేపు చెబుదామనుకున్నానా? అలా అనుకున్నానని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్కరోజూ అనుకోలేదు.

పరీక్షలో ఆమె నా ముందు బెంచీ. చరిత్ర పేపర్ రోజు రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. ఆ జవాబులన్నీ ఆమెకు వచ్చు. నేను క్లాసులో మొదటి స్థానంలో వచ్చాను. మంజుల చరిత్రతో సహా నాలుగు పేపర్లు తప్పింది.

ఆ తర్వాత కాలేజీకి రాలేదు. కొన్నాళ్లకు అశోక్ నగర్‌లో పుస్తకాలు కొనుక్కుని వస్తుంటే, కొత్తగా కడుతున్న హాస్టల్ ముందు వాళ్ల అమ్మతో పాటు ఇసుక మోస్తూ కనబడింది. తట్ట దించి నవ్వింది. నువ్వంత చెప్పినా నా తలకెక్కలేదు, నాదే మొద్దు బుర్ర అంది. సప్లిమెంటరీ ఫారానికి ఇంకా సమయం ఉంది. తెలుగులో రాయి అని రెండు మాటలంటే చాలు. బస్సు వస్తోందని చెప్పి వచ్చేశాను. ఆమె చదువు పోగొట్టడం ఒక ఎత్తు. తనకు బుర్ర లేదని ఆమె నమ్ముతుంటే వింటూ నిలబడ్డాను చూడండి, అది నన్ను తినేస్తోంది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? పోయిన నెల కొత్త పిల్లలతో మాట్లాడి బయటికి వస్తుంటే, వరండాలో ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. మంజుల. నన్ను మేడం అంది. మీరు అంది. బిడ్డ నాలెక్క మొద్దు కాదు, తెలుగులో చదివింది, జర చూసుకోమంది. పరీక్ష తెలుగులో రాసుకోవచ్చని ఆ పిల్లకు చెప్పాను. ఈసారి వెంటనే చెప్పాను. మంజుల నా మొహంలోకి చూసింది.

"అప్పుడు గూడ ఉండెనా మేడం?"

"లేదు. ఈ మధ్యనే పెట్టిన్రు."

నలభై దాటిన దాన్ని. పోటీ లేదు, మార్కులు లేవు, ఎదురుగా నన్ను నమ్మి బిడ్డను అప్పగిస్తున్న మనిషి. అయినా నోరు అదే పని చేసింది. ఆమె తలూపింది. అట్లనా, నా నసీబు అంది.

ఆ రోజు నుంచి నిద్ర లేదు. క్లాసులో ఆ పిల్ల ముందు వరసలో కూర్చుని నేను చెప్పేదంతా రాసుకుంటోంది. ఆ పిల్ల చేతికి ఈ కాగితాలిచ్చి మీ అమ్మకివ్వమని చెప్పే ధైర్యం నాకు వస్తుందో రాదో తెలియదు. క్షమించమని అడగను, ఆ మొహం నాకు లేదు. కానీ అక్షరం అక్షరం తెలుగులోనే రాశాను, ఇంకొకరు చదివి చెప్పాల్సిన పని లేకుండా. ఇన్నేళ్లకు ఛాతీ మీద బరువు కొంచెం జరిగినట్టుంది.

ఉండె, మంజులా. అప్పుడు గూడ ఉండె.