పియెష్టానీ బురద

నా చిన్నప్పుడు, కువైట్‌లో మేం ఫర్వానియాలో కాపురమున్న రోజుల్లో, మేడమెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. పిండికట్టు విప్పాక కూడా చంకకర్ర వదల్లేదు. ఇప్పుడు నడిపించకపోతే మోకాలు బిగుసుకుపోయి జన్మంతా కుంటాల్సిందేనని డాక్టరుగారు చెప్పేశారు. అయినా నొప్పికి జడిసి అడుగు వేయనంటే వేయనన్నాను. మొండితనంలో నన్ను మించినవాళ్లు మా పిన్ని తప్ప ఎవరూ లేరు.

పిన్ని సల్వాలో ఒక కువైటీల ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలిని మామా అనేది. ఆవిడకి కీళ్లనొప్పులు. ఎండలు ముదరగానే పిన్నిని వెంటబెట్టుకుని పియెష్టానీ అనే ఊరు వెళ్లేది. అప్పట్లో అది చెకోస్లొవేకియా, ఇప్పుడు స్లొవేకియా. అక్కడ వాహ్ నది ఒడ్డున గంధకం వాసన కొట్టే వేడినీళ్లు ఊరతాయి. పూర్వం జనం ఒడ్డున గుంటలు తవ్వుకుని అందులోనే కూర్చునేవారట. తర్వాత స్నానశాలలు వెలిశాయి, నది మీద కప్పున్న వంతెన లేచింది. రెండో ప్రపంచయుద్ధంలో వెనక్కిపోతున్న సైన్యం దాన్ని పేల్చేస్తే మళ్లీ కట్టుకున్నారు. వంతెన మొదట్లో, చంకకర్రను మోకాలికి ఆనించి విరుస్తున్న కంచు మనిషి ఉంటాడు.

ఒకరోజు మా ఇంటికొచ్చి ఇదంతా చెప్పి పిన్ని ఒక డబ్బా తీసింది. అందులో ఆ ఊరి నల్లటి బురద. వేడిచేసి నా మోకాలికి పట్టించి, కాసేపాగి తుడిచేసింది.

"ఇంక లెగు. వేడి ఆరకముందే నడిస్తేనే గుణమిస్తాది. ఆ ఊరి పద్ధతది. ఆరిందా, ఖలాస్."

"నొప్పెడుతోంది పిన్నీ."

"పెడతాది మరి. ఏడుత్తానే నడు, నేనొద్దన్నానేంటి?"

ఏడుస్తూనే గుమ్మం దాకా నడిచాను. తర్వాత రోజూ అమ్మ పట్టించేది, నేను వేడి ఆరిపోతుందేమోనన్న భయంతో గబగబా అడుగులు వేసేదాన్ని. డబ్బా అడుగంటేసరికి చంకకర్ర అవసరం తీరిపోయింది.

మొన్న వేసవిలో ఈ ముసలి మోకాళ్లేసుకుని నేనే ఆ ఊరు వెళ్లాను. పార్కులో, కొట్లలో అరబ్బీ మాటలు వినబడుతుంటే మళ్లీ కువైట్‌లో ఉన్నట్టే అనిపించింది. స్నానశాలలో బురద కడగగానే అలవాటు కొద్దీ చటుక్కున లేచి నడవబోయాను. అక్కడి పనమ్మాయి హడలిపోయి నన్ను పట్టుకుంది, దుప్పట్లో చుట్టి పడుకోబెట్టింది. బురద పెట్టాక కదలకుండా పడుకోవాలట. అసలు పద్ధతి అదేనట.

హమ్మ పిన్నీ, ఎంత మాయ చేశావు అనుకుని దుప్పట్లోనే కడుపుబ్బ నవ్వాను. ఆవిడ లేదని గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. కాలు బాగుపడ్డాక నడుద్దామని నేను కూర్చుంటే, నడిస్తేనే బాగుపడతానని ఆవిడకి తెలుసు. అందుకే నొప్పి తగ్గాక లేద్దామని ఇప్పటికీ ఏ పనికీ కాచుక్కూర్చోను. పొద్దున్నే మోకాళ్లు మొరాయిస్తాయి. తిట్టుకుంటూనే లేస్తాను.