పాటిమన్ను తోలిన వేసవి

మొన్న సాయంత్రం మనవరాలు పరీక్షకు చదువుకుంటూ, సింధులోయ ప్రజలు సాధించిన ఘనతలు అప్పజెబుతాను వినమని నా చేతిలో పుస్తకం పెట్టి, వెడల్పైన వీధులు, కాల్చిన ఇటుకలు, మూతలున్న మురుగుకాలువలు అంటూ గడగడా చెప్పుకుపోతుంటే, ఆ కాలువల దగ్గరకు వచ్చేసరికి నేను కూర్చోలేక లేచి వరండాలో పచార్లు మొదలుపెట్టాను. కుదురుగా ఉండలేని తత్వం నాకు మొదటినుంచీ ఉన్నదే, కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టానని మా అమ్మ అంటూండేది. మొన్న నన్ను లేపింది మాత్రం అరవై ఏళ్ళ నాటి సిగ్గు.

అరవైల మొదట్లో నేను బందరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. ఇవే పాఠాలు, ఇవే ఘనతలు. నైలు, సింధు, టైగ్రిస్ అని మ్యాపు మీద బెత్తంతో చూపించడమే గానీ, అంత పాత ఇటుక ఒక్కటైనా కంటితో చూసిన పాపాన పోలేదు. నాగరికతలన్నీ దూరదేశపు నదుల ఒడ్డునే పుట్టాయని, కృష్ణ ఒడ్డున వరి తప్ప ఏమీ పుట్టలేదని నా గట్టి నమ్మకం. వేసవి సెలవులివ్వగానే రైలెక్కి పెడన, గుడ్లవల్లేరు దాటి గుడివాడలో దిగి, అక్కడినుంచి బండి మీద మా ఊరు చేరేదాన్ని.

మా ఊరి చివర పాటిదిబ్బ ఒకటి ఉండేది. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ ఈ కాలం వాళ్ళకు తెలియదు: ఎప్పుడో జనం కాపురముండి వదిలేసిన చోట బూడిదా పేడా చెత్తా కలిసి మాగిన బూడిదరంగు మన్ను అది, పొలానికి మహా బలం. ఎండాకాలం కాలవ కట్టేశాక ఇంటికిన్ని బండ్లని తవ్వి చేలకు తోలుకునేవారు. చిన్నప్పుడు మేం తొక్కుడుబిళ్ళ ఆడిన ఎర్రపెంకులన్నీ ఆ దిబ్బవే, అవి ఎవరి వంటింటి కుండలో అన్న ఆలోచన ఏనాడూ రాలేదు.

ఆ వేసవి నాన్న మన్ను తోలిస్తుంటే మజ్జిగ తీసుకెళ్ళాను. గునపం దెబ్బకు పెళ్ళ విరిగిపడిన చోట మూరెడు పొడుగు ఇటుకలు రెండు వరసలు, వాటి మధ్య జానెడు సందు, పైన ఇటుకల మూత కనిపించాయి. మురుగుకాలువ. ఏడాది పొడుగునా పిల్లలచేత వల్లె వేయించిన బొమ్మ నా కాళ్ళ దగ్గర ఉంది. అప్పటికి మా ఊళ్ళో ఒక్క వీధికీ మురుగుకాలువ లేదు, స్నానాల నీళ్ళు వీధిలోనే పారేవి. సింధు నాటిది కాదని తెలుసు, అయినా శాతవాహనుల కాలానిదన్నా అయివుంటుందని ఊహించి, పురావస్తు శాఖ వారికి ఆ పూటే ఉత్తరం రాశాను. పది రోజుల్లో మనిషిని పంపుతామని కార్డు వచ్చింది.

ఆ పది రోజులు దిబ్బను ఆపడమే నా పని అనుకున్నాను. తిన్నగా ఇంట్లో ఉండక, సాయంత్రం మా అరుగు మీద చేరిన పెద్దల ముందు నిలబడి, ఇది రెండువేల ఏళ్ళ నాటి ఊరని, ముట్టుకోకూడదని క్లాసులో చెప్పినట్టే చెప్పాను. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. పక్కింటి మావయ్య మాత్రం చుట్ట పక్కన పెట్టి అడిగాడు.

“అయితే అమ్మాయ్, మూడేళ్ళు మాగిన పెంటకే చేను అంత ఏపుగా వస్తంటే, రెండువేల ఏళ్ళు మాగిన మన్ను ఇంకెంత బలమంటావు?”

మర్నాడు తెల్లారేసరికి దిబ్బ చుట్టూ బండ్లే. పొరుగూళ్ళ నుంచి కూడా కట్టుకొచ్చారు. కొరివితో తల గోక్కున్నదాన్ని నేనే, ఎవర్నని ఏం లాభం. ఇంటికీ దిబ్బకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో, నాన్న దగ్గర ఎన్నిసార్లు ఏడ్చానో లెక్క లేదు. ఆయన ఏమీ అనకుండా వచ్చి తన బండిని ఆ ఇటుక వరసకు అడ్డంగా నిలిపి ఎడ్లను విప్పేశాడు.

“రేపో మాపో కాలవకి నీళ్ళొదుల్తారు. ఆ పైన బండి దిగబడిపోద్ది. అందాకా ఆపుతానమ్మా. మన పల్లపు చేను చూస్తే మాత్రం నా మాట నేనే విననేమోనని భయంగా ఉంది.”

నాలుగు రోజులు ఆపాడు. ఐదో రోజు లాకుల దగ్గర నీళ్ళు వదిలారని, రాత్రికల్లా మా కాలవకొస్తాయని కబురొచ్చింది. చుట్టుపక్కల చేలన్నీ బూడిదరంగుకు తిరిగి, మా పల్లపు చేను ఒక్కటే బోసిగా ఉంది. నాన్న నా వంక చూడకుండా గునపం తీసుకుని దిబ్బకు వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళి గట్టు మీద నిలబడ్డాను గానీ, అడ్డం పెట్టిన ఆ బండిలోకే ఆయన ఇటుకల చుట్టూ ఉన్న మన్ను ఎత్తుతుంటే వద్దని అనలేకపోయాను. ఆ చేను పండితేనే మా ఇల్లు గడిచేదని నాకు తెలుసు.

చెప్పిన గడువుకే పురావస్తు శాఖ ఉద్యోగి గొడుగు వేసుకుని వచ్చాడు. గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, మూడు ఇటుకలు గోనెలో కట్టించుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

“ఇన్నేళ్ళూ కొంచెం కొంచెమే తవ్వుకున్నట్టున్నారు కదండీ, ఈ ఏడే ఇలా ఎందుకు ఎగబడ్డారండీ?”

నేను మంచినీళ్ళు తెస్తానని ఇంటివైపు నడిచాను. ఆయన అవి తాగి వెళ్ళిపోయాడు. జూన్‌లో స్కూలు తెరిచాక ఆ పాఠం చెప్పవలసి వస్తే, పిల్లలనే పైకి చదవమని నేను కిటికీ దగ్గర నిలబడేదాన్ని.

ఇప్పుడు పాటిమన్ను తోలేవాళ్ళూ లేరు, బండ్లూ లేవు, సంచుల్లో వచ్చే ఎరువులే అన్నిటికీ. మా పల్లపు చేను చేతులు మారి చేపల చెరువైంది, ఆ మన్నంతా మళ్ళీ తవ్వి చెరువు గట్లకు పోశారు. ఆ పాత ఊరు ఎక్కడుండేదని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడానికి కూడా నాకు చోటు మిగల్లేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ ఏడు ఆ పల్లపు చేను విరగపండింది. సంక్రాంతి దాటాక సెలవు పెట్టి వెళితే అమ్మ కొత్తబియ్యం వండి వడ్డించింది. ముద్ద దిగదనుకుంటూనే కూర్చున్నదాన్ని, మారు వడ్డించమని అడిగి మరీ తిన్నాను.