పుంగనూరక్క రేకు

కుప్పంలో మా బ్యాటరీ ల్యాబులో ఆమె నాకు సీనియర్. పాలమ్మే ఇంటి బిడ్డ. ఊరిని బట్టి పుంగనూరక్క అనేవాళ్లం. లిథియం రేకు మీద మీగడలా పల్చటి పొర కట్టించి, బ్యాటరీ తొందరగా పాడవకుండా కాపాడాలన్నది ఆమె పని. బ్యాటరీ సెల్లులో పెట్టి మూసే ముందు ప్రతి రేకునూ వెలుతురుకు తిప్పి, ఒక కన్ను మూసి చూసేది. "మీగడ కట్టిందో లేదో సూడకుండా మాయమ్మ పాలకుండ దించదప్పా" అనేది.

ఒకరోజు ఆమె అన్నానికి పోయినప్పుడు, సాయం చేద్దామని రేకులుండే, గాలి చొరని గాజుపెట్టె తొడుగుల్లో చేతులు దూర్చాను. ఆమె రేకు మసకగా కనిపించింది. మదనపల్లెలో మాది బ్యాటరీల అంగడి. టెర్మినల్ మీద మసక కనిపిస్తే గీకేయడం చిన్నప్పటి అలవాటు. తళతళలాడేదాకా గీకేశాను. అది మురికి కాదు, ఆమె కట్టించిన పొర అని ఆ తర్వాత గానీ తట్టలేదు. ఆమెకు చెప్పకుండా రేకును ఉన్నచోటే పెట్టేశాను.

ఆ రేకు పెట్టిన సెల్లే అన్నిటికంటే ఎక్కువ రోజులు నడిచింది.

"నా పొర నిలబడింది, సూడప్పా!" అని నా వీపు తట్టింది.

ఆమె బెంగళూరుకు పోయి చానాళ్లయింది. ఆమెకు తెలుసో లేదో నాకు మాత్రం ఇంకా అంతు పట్టదు. మూసే ముందు ఆ రేకును కూడా ఆమె వెలుతురుకు తిప్పి, ఒక కన్ను మూసి చూసింది. నేను పక్కనే ఉన్నాను.