సమ్మె రోజున పడిన వాన

తెలంగాణ కోసం ఊరూరా దీక్షా టెంట్లు వెలసిన ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే ఉపగ్రహం మీద నమ్మకం ఎక్కువ. అది పలకరించదు, పెళ్లెప్పుడని అడగదు. జనగామ దాటి ఎరుగని నేను కొత్తగా ఇంజనీరింగ్ ఆఫీసులో చేరాను. ఉపగ్రహం చెప్పే వానను మండలాల రిజిస్టర్లతో సరిచూసి, వాగు మీద కట్టబోయే వంతెన ఎంత పెద్ద వానకు తట్టుకోవాలో తేల్చడం నా పని. గంగారం దగ్గర లెక్క కుదరలేదు. అక్కడి రిజిస్టర్‌లో ఒక వాన, ఉపగ్రహం చూపినదానికి రెండింతలు. అదీ ఉద్యోగుల సమ్మె రోజున, అక్కడి మండలాఫీసుకు తాళం ఉన్నప్పుడు. అదీ పెన్సిలుతో, సంతకం లేకుండా. (అపరాధ పరిశోధన నవలలు దాచుకుని చదివే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి?) ఎవరో వానమాపు డబ్బాలో చెంబెడు నీళ్లు పోశారని డైరీలో తేల్చేశాను. సంతకం లేని అంకెను కొట్టెయ్యమన్నారు మా సారు. కొట్టేస్తే వంతెన ఎత్తు తగ్గుతుంది. కొట్టేసే ముందు ఆ నేరస్థుణ్ణి చూడాలని బస్సెక్కాను.

డబ్బా చూసే అటెండరు తాత, ఆ అంకె ఎవరు రాశారో తనకు తెలియదన్నాడు. పైనుంచి ఉపగ్రహం అన్నీ చూస్తుందని బెదిరించబోతే, అడవిలో తమ పోడు చేన్లు కూడా కనబడతాయా అని ఎదురడిగాడు. సమ్మెలో పనిచేసినవాళ్ల పేర్లు రాసుకుపోవడానికి వచ్చానని ఆయన అనుమానం. ఆయన పక్కనున్న చెంబు మీద నా అనుమానం. గంటసేపు ఒకరినొకరం కాపలా కాశాం. చివరికి, ఈ అంకె పోతే వంతెన పొట్టిదవుతుందని గొణిగాను.

ఆయన గూడెం వాగుకు అవతలే ఉంది. తాత గొంతు తగ్గించాడు.

"సమ్మె నాకు గాని వానకు గాదు గద బిడ్డా. గోడ దుంకి పోయి కొలిసిన. టెంటు కాడ తెలిస్తే నా ఇజ్జత్ పోతది."

"సంతకం పెట్టు తాతా."

"రిజిస్టర్ల గాదు, నీ కాయితం మీద పెడ్త. నువ్వు నోరిప్పకు."

"నాకు నోరే లేదు తాతా."

గేటు దాటగానే, సమ్మె ముగిసినా ఎత్తెయ్యని దీక్షా టెంటులోంచి ఒకాయన, వచ్చిన పని ఏమైందని అడిగాడు. నలభై మంది నన్నే చూస్తున్నారు. "ఏం దొరకలేదన్నా. సమ్మె రోజు ఎవ్వలు కొల్వలేదంట," అన్నాను, చివరి వరుసకూ వినబడేలా. మా తాత అంటే తాతే అని టెంటంతా చప్పట్లు కొట్టింది.

నా కాయితం మీద తాత సంతకం చూసి సారు ఆ అంకెను ఉంచారు. వంతెన ఎత్తుగానే కట్టారు. ఇప్పుడు మీటింగుల్లో ఒక్క నిజం చెప్పడానికి లేచినప్పుడల్లా నా మాట మొదటి వరుస కూడా దాటదు. అంత గట్టిగా అబద్ధమాడిన ఆ పిల్ల తన గొంతు కాస్త అరువిస్తే బాగుండునని నవ్వుకుంటాను.