హైమ వరిగింజలు

ఒక మాట ఏళ్లతరబడి నా గొంతులోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తిరుపతిలో వరి మీద పరిశోధన చేసేదాన్ని. నాతోపాటు హైమ ఉండేది. నగరి దగ్గర నేతపనివాళ్ల బిడ్డ. నాకన్నా చిన్నది. మధ్యాహ్నం క్యారియర్ విప్పితే ముందు నాకే పెట్టేది.

వరిమొక్కలో పూత తెప్పించే జన్యువులు మొలకనాడే ఉంటాయి. వేళ వచ్చేదాకా వాటిని అణచి ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. అలాంటి ఒక ప్రోటీన్ తయారుకాకుండా చేసి హైమ కొన్ని మొక్కలు పెంచింది. అవి గిడసబారాయి, వేళకు ముందే ఈనాయి, వెన్నులన్నీ తాలు. ఒక్క మొక్కకు మాత్రం కాసిని గట్టి గింజలు పట్టాయి. ఎదుగుదలా, గింజ పట్టడమూ ఆ ప్రోటీన్ మీదే ఆధారపడ్డాయని రుజువు చేయాలంటే, ఆ గింజల్నే మళ్లీ విత్తి, వచ్చిన మొక్కలూ అలాగే గిడసబారతాయని చూపాలి.

అంతలో వాళ్ల నాయనకు కంటి ఆపరేషనని ఊరికి పోతూ ఆ మొక్కను నాకు అప్పగించింది. ఒక సాయంత్రం నేను గ్రీన్‌హౌస్ తలుపుకు గొళ్లెం పెట్టడం మరిచాను. తెల్లారి చూస్తే ఎలుకలు వెన్ను కొరికేశాయి. పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడే చెప్పి ఉంటే? ఏడ్చేది, తిట్టేది, మళ్లీ మొదలుపెట్టేది. నేను పక్క కుండీలోని మామూలు వరి వెన్ను దూసి, ఆ గింజలు విత్తనాల కోసం ఆమె ఇచ్చిపోయిన కవర్లో పోశాను. భయంతోనే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నా పని ఎటూ తేలక, అందరూ ఆమె మొక్కల్నే చూడ్డానికి వస్తున్న రోజులవి. అసూయ లేదని ప్రమాణం చేయగలనా? చేయలేను.

హైమ తిరిగొచ్చి విత్తిన ఆ గింజలు మొలిచి ఏపుగా ఎదిగాయి. అన్ని మొక్కల్లాగే వేళకు ఈనాయి. నువ్వు ముందు చేసిన పరీక్షలు కూడా తప్పయ్యుంటాయని మా గైడు సారు హైమను నలుగురిలో అన్నారు. ఆ సాయంత్రం ఆమె కుండీల పక్కన కూలబడి ఉంది.

"నేనే యాడో తప్పు చేసినానేమో అక్కా. నువ్వు దగ్గరుండి సూసినావు కదా, నీకేమనిపిస్తాండాది?"

"అయ్యుండచ్చులే మే," అన్నాను.

నమ్మింది. కొన్నాళ్లకే పరిశోధన మానేసి, పుత్తూరు బళ్లో టీచరుగా చేరింది. బస్టాండుకు పోయి ఎక్కించి వచ్చింది నేనే.

తర్వాత వేరేచోట ఎవరో అదే ప్రోటీన్ మీద పనిచేసి, హైమ చూసిందే చూశారు. ఇప్పుడు క్లాసులో ఆ పాఠం చెప్పేది నేను. ఇంటికి వచ్చి ఒక్కదానికే వండుకుంటాను. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, చనువు పెరిగితే ఏదో ఒకరోజు నోరు జారతానని. ఆమె నంబరు సంపాదించాను గానీ ఫోన్ చేయలేదు. ఏమని మొదలుపెట్టను?

హైమ ఏ తప్పూ చేయలేదు. గింజలు మార్చింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.