మా ఇంట్లో కూర్చున్న సారు

నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన గొంతు మారిన ఏడు నేను జనగామలో ఇంటర్ చదువుతున్నాను. ఆయన రోజూ పొద్దున రైలెక్కి హైదరాబాదులోని ఆఫీసుకు పోయి, పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. అప్పుడొక సినిమా బాగా ఆడుతోంది. అందులో తాగుబోతు నౌకరు ఒకడు మా యాసలో మాట్లాడతాడు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలంతా నవ్వు. ఆఫీసులో బాపును ఆ నౌకరు పేరుతో పిలవడం మొదలుపెట్టారట. ఆయన ఫైలు గురించి ఏం చెప్పినా, విషయం వదిలేసి యాసకు నవ్వేవారట. ఈ సంగతి అమ్మ చెప్పింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

చెప్పకుండా, సినిమాల్లో మంచివాళ్లు మాట్లాడే తీరు నేర్చుకున్నాడు. వెనక గదిలో తలుపు దగ్గరికి వేసుకుని, టీవీలో విన్న మాటలు మెల్లగా పలికి చూసుకునేవాడు. ఒకసారి అమ్మ చాయ పట్టుకుపోయి, లోపల ఎవరో పరాయి మనిషి ఉన్నాడనుకుని, కొంగు భుజాలమీదికి లాక్కుని గడప బయటే నిలబడిపోయింది. కొన్నాళ్లకు ఆయన ఇంట్లోనూ అట్లాగే మాట్లాడసాగాడు.

ఆ మధ్యే అవ్వను, అంటే బాపు తల్లిని, చిట్యాల దగ్గరి ఊరినుంచి తెచ్చుకున్నాం. ఆమెకు చూపు పూర్తిగా పోయింది. వచ్చిన రోజు సాయంత్రం బాపు మంచం మీద ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, భోంచేశావా?" అని అడిగాడు.

అవ్వ కాళ్లు ముడుచుకుని మర్యాదగా కూర్చుంది. "తిన్న సారూ. జర కూసోండ్రి, నా కొడుకు రైలు దిగి వస్తడు," అంది.

మేం నవ్వాం. బాపు కూడా నవ్వాడు. మర్నాడూ ఆమె అదే మాట అంది. మూడోనాడు ఆయన చెయ్యి తడిమి తడిమి చూసి, వదిలేసి, నా చెవిలో చెప్పింది: "చెయ్యైతే నా కొడుకుదే బిడ్డా. లోపలున్నది ఎవలో."

ఆమె కోసం బాపు పాత మాట మాట్లాడబోయాడు. నోట్లోంచి వచ్చింది ఆ సినిమా నౌకరు మాట. సాగదీస్తూ, ఎవరినో వెక్కిరిస్తున్నట్టు. మధ్యలోనే ఆగి, తన పెదవులను చేత్తో తాకి చూసుకున్నాడు. ఆ తర్వాత అవ్వ ముందు మాట్లాడటమే మానేశాడు. ఆమె మాత్రం ప్రతి సాయంత్రం, ఆయన గదిలో ఉండగానే, కొడుకు ఇంకా రాలేదేమని అడిగేది.

అప్పటికి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిశాయి. రోడ్లమీదే వంటలు చేసి తింటున్నారు. బాపు శిబిరం ముందునుంచి తలదించుకుని పోయేవాడు. ఒక ఆదివారం అమ్మనూ నన్నూ జనగామలోనే మాట్నీకి తీసుకుపోయాడు. కొత్త సినిమా. అందులోనూ అట్లాంటి నౌకరే. వాడు మాట్లాడాడు.

హాలు నిండుగా ఉంది. ఎవరూ నవ్వలేదు.

తెరమీద వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మేం నవ్వడానికని వదిలిన ఖాళీ అట్లాగే ఉండిపోయింది. ఈల లేదు, కేక లేదు, ఫ్యాన్ల చప్పుడొక్కటే. నౌకరు మళ్లీ మాట్లాడాడు, వాళ్లు మళ్లీ నవ్వారు. అంత పెద్ద తెరమీదినుంచి మమ్మల్ని చూసే నవ్వుతున్నారనిపించింది.

"పోదాం పాండ్రి," అన్నారెవరో పక్కనుంచి. బొంగురు గొంతు. అది బాపు అని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. మేం లేచాం. మా వెనక చీకట్లో కుర్చీలు ఒక్కొక్కటే మడుచుకుంటున్న చప్పుడు.

ఇంటికొచ్చి ఆయన అవ్వ పక్కన కూర్చున్నాడు.

"అవ్వా, నేనే. అన్నం తిన్నవా?"

ఆమె రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది. "ఎప్పుడొచ్చినవ్ కొడుకా? గా సారు పోయిండా?"

బాపు గుమ్మం వైపు చూశాడు. "పోయిండవ్వా," అన్నాడు.

ఆ తర్వాత ఆఫీసులోనూ ఆయన మా మాటే మాట్లాడాడని విన్నాను. అవ్వ ఇంకో వానాకాలం దాకా బతికింది. బాపు లేని మధ్యాహ్నాల్లో ఒక్కోసారి మంచం మీద కొంచెం జరిగి, ఎవరికో చోటిచ్చేది. ఎవరికని అడిగితే చెప్పేది కాదు.